ముందు చొక్కా... తరువాత వాక్యం

1993 వానాకాలం. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి. రోగుల్నీ, వాళ్ల వెంట వచ్చినవాళ్లనీ పలకరించి ధైర్యం చెప్పడం నా ఉద్యోగం. కాగితాల మీద నా హోదా 'చాప్లిన్'. వార్డుల్లో మాత్రం అందరికీ 'అయ్యగారు'నే. కొత్తగా చేరిన రోజులు. చంకలో బైబిలు, నాలుక చివర వచనాలు. ఎవరికి ఏ కష్టం వచ్చినా దానికి సరిపడా వాక్యం నా దగ్గర సిద్ధంగా ఉందనుకునేవాణ్ని.

ఓ తెల్లవారుజామున పిల్లల వార్డు నుంచి కబురు వచ్చింది. జ్వరంతో మూడు రోజులుగా స్పృహ లేకుండా ఉన్న తొమ్మిదేళ్ల పిల్లాడు పోయాడని. వెళ్లేసరికి తల్లి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను పక్కన కూర్చుని బైబిలు తెరిచాను. రోమా పత్రిక, 8వ అధ్యాయం, 28వ వచనం. దేవుణ్ని ప్రేమించేవారికి అన్నీ కలిసి మేలుకే దారితీస్తాయని చెప్పే వచనం.

సగం చదివానో లేదో, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ వాక్యం నాకూ నోటికొచ్చు అయ్యగారూ. ఇప్పుడొద్దు. ముందు మావోడి చొక్కా ఎక్కడ పెట్టారో కనుక్కోండి."

చేర్చిన రోజు పిల్లాడి ఒంటి మీదున్న చొక్కా విప్పి ఆసుపత్రి బట్టలు తొడిగారట. ఆ చొక్కా కనిపించడం లేదు. రాత్రి నుంచి ఇద్దరు ముగ్గుర్ని అడిగిందట. ఎవరూ పట్టించుకోలేదు. నేను బైబిలు అక్కడే బల్ల మీద పెట్టి బయల్దేరాను. సిస్టర్‌ని అడిగాను, ఆయాని అడిగాను. చివరికి మందుల గది మూల ఒక ప్లాస్టిక్ సంచిలో దొరికింది. నీలం గీతల చొక్కా. రెండో గుండీ లేదు.

తెచ్చిచ్చాను. ముఖానికి అదుముకుంది. అప్పుడు ఏడ్చింది. తరువాత గంటసేపు మాట్లాడింది. ఆ గుండీ ఎలా ఊడిందో, ఎన్నిసార్లు కుట్టినా ఎలా పీకేసేవాడో చెప్పింది. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడటానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

క్రైస్తవ కౌన్సెలింగ్ గురించి నేను చదివిన పుస్తకాలకంటే ఆ గంటే నాకు ఎక్కువ నేర్పింది. అందుకే ఈ వారం ఆ సంగతి.

నిజమైన మాటే... తప్పు చోట

కౌన్సెలింగ్ అంటే మామూలుగా మనకి తెలుసు. మనసు బాగోలేనివాళ్లు వస్తారు, శిక్షణ పొందినవాళ్లు వింటారు, దారి వెతుక్కోవడానికి సాయపడతారు. క్రైస్తవ కౌన్సెలింగ్‌లో దీనికి మరొకటి తోడవుతుంది. చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఒక గ్రంథం ఉంటుంది. ఇద్దరికీ అది పవిత్రం. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిందే. అందుకే అందులోని మాటకి చాలా బలం. బలమైన మందుకి మోతాదు తెలియాలి. లేకపోతే అదే చేటు చేస్తుంది.

ఈ హెచ్చరిక బయటివాళ్లు చేసింది కాదు. బైబిల్లోనే ఉంది. యోబు కథ చూడండి. ఆస్తి పోయింది, బిడ్డలు పోయారు, ఒళ్లంతా పుండ్లు. ముగ్గురు స్నేహితులు పరామర్శకి వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచిన దగ్గర నుంచి చెడగొట్టారు. పాపం చేసి ఉంటావు, ఒప్పుకో, దేవుడు మళ్లీ లేవనెత్తుతాడు అంటూ అధ్యాయాల కొద్దీ చెప్పారు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు వాళ్ల మీదే కోపపడ్డాడు.

ఇందులో ఒక విశేషం ఉంది. ఆ ముగ్గురిలో మొదటివాడు ఎలీఫజు. 5వ అధ్యాయంలో అతను అన్న మాటని కొన్ని శతాబ్దాల తరువాత అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో లేఖనంగా ఉదహరించాడు. అంటే ఎలీఫజు చెప్పినదంతా అబద్ధం కాదు. నిజాలే చాలా ఉన్నాయి. కానీ ఎవరికి చెబుతున్నాడో, ఏ గడియలో చెబుతున్నాడో చూసుకోలేదు. నిజమైన మాట తప్పు చోట పడితే పుండు మీద కారమే.

సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో దీనికి మంచి పోలిక ఉంది. బరువెక్కిన గుండె దగ్గర పాటలు పాడటం, చలిరోజున మనిషి ఒంటి మీది బట్ట లాగేయడం లాంటిదట. ఆ వరండాలో నేను చేయబోయింది అదే.

ఒకే మాటకి రెండు జవాబులు

యోహాను సువార్త 11వ అధ్యాయం ప్రతి కౌన్సెలరూ ఏడాదికోసారి చదువుకోవాలని నా అభిప్రాయం. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. అతని అక్కచెల్లెళ్లు మార్త, మరియ. మార్త ఎదురెళ్లి యేసుతో అంది, మీరు ఇక్కడుంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదని. కాసేపటికి మరియ వచ్చి కాళ్ల మీద పడి సరిగ్గా అదే అంది. మాటలో తేడా లేదు.

జవాబులో తేడా ఉంది. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. ఆమె ప్రశ్న వేస్తోంది, వాదిస్తోంది, వినే స్థితిలో ఉంది. మరియ దగ్గర బోధ లేదు. సమాధి ఎక్కడని అడిగాడు. కన్నీళ్లు పెట్టుకున్నాడు.

కాసేపట్లో లాజరుని లేపబోతున్నాడని ఆయనకి తెలుసు. అయినా 'ఏడవకు, ఇప్పుడే లేపుతానుగా' అనలేదు. ముందు ఆమెతో కలిసి ఏడ్చాడు. మన ఆదరణ కూడికల్లో జరిగేది ఒకసారి గుర్తు చేసుకోండి. మైకు పట్టుకున్న ప్రతివారూ 'ఏడవకూడదు, ఆయన ప్రభువు దగ్గర ఉన్నాడు' అనేవారే. పరలోక నిరీక్షణ నిజమే కావచ్చు. కానీ ఏడవడం అవిశ్వాసమని ఏ వచనం చెబుతోంది? 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలూ, ఏడుపులూ, ఫిర్యాదులే. 88వ కీర్తనైతే చీకటితోనే ముగుస్తుంది. చివర్లో ఆశ చిగురించినట్టు ఒక్క మాట కూడా ఉండదు. అలాంటిదాన్ని కూడా ప్రార్థనల పుస్తకంలో ఉంచారంటే, అలా ప్రార్థించే మనిషికీ దేవుడి ముందు చోటుందనే కదా!

చాలామందికి బైబిలు చేసే మొదటి ఉపకారం జవాబు ఇవ్వడం కాదు. ఏడవడానికి మాటలివ్వడం. కోపంతో ఉన్న భర్త పోయిన ఆవిడకి 88వ కీర్తన చదివి వినిపించాను ఒకసారి. "ఇలా కూడా అనొచ్చా అండీ దేవుణ్ని?" అంది. అనొచ్చమ్మా అన్నాను. ఆ తరువాతే ఆవిడ మనసులో మాట బయటికొచ్చింది.

బుద్ధి చెప్పడమేనా?

ఈ రంగంలో పెద్ద వాదమే నడిచింది. 1920లో అమెరికాలో ఆంటన్ బాయిసన్ అనే పాదిరి తానే మతి చలించి మానసిక ఆసుపత్రిలో చేరాడు. కోలుకున్నాక అలాంటి ఆసుపత్రిలోనే చాప్లిన్‌గా పనిచేశాడు. 1925లో వేదాంత విద్యార్థుల్ని అక్కడికి తీసుకొచ్చి శిక్షణ మొదలుపెట్టాడు. పుస్తకాల్ని చదివినంత శ్రద్ధగా మనుషుల్నీ చదవాలన్నది ఆయన పాఠం. ఆసుపత్రి చాప్లిన్లకి ఈనాటికీ ఇచ్చే శిక్షణకి మూలం అక్కడే.

1970లో జే ఆడమ్స్ 'కాంపిటెంట్ టు కౌన్సెల్' అని ఒక పుస్తకం రాశాడు. మనస్తత్వ శాస్త్రం వెంట పడనక్కర్లేదు, శరీరంలో జబ్బు లేనప్పుడు మనిషి ఇబ్బందులకి మూలం చాలావరకు పాపమే, బైబిలు తెలిసిన పాస్టరు చాలు అన్నది ఆయన వాదన. బుద్ధి చెప్పడం అనే అర్థమున్న ఒక గ్రీకు మాట నుంచి తన పద్ధతికి పేరు పెట్టుకున్నాడు. 1977లో లారీ క్రాబ్ మరో దారి చూపించాడు. ఐగుప్తు వదిలి వచ్చేటప్పుడు ఇశ్రాయేలీయులు అక్కడి వెండి బంగారాలు తెచ్చుకున్నట్టు, మనస్తత్వ శాస్త్రంలోని మంచిని బైబిలు వెలుగులో వడగట్టి తీసుకోవచ్చన్నాడు.

ఆడమ్స్‌ని తీసిపారేయనక్కర్లేదు. పాస్టర్లు చేతులు కట్టుకుని కూర్చోకుండా, మనిషి తన తప్పుని తాను చూసుకునేలా చేయాలని గుర్తు చేశాడు. తాగి ఇల్లు గుల్ల చేస్తున్నవాడికి, అప్పు తీసుకుని మొహం చాటేసినవాడికి బుద్ధి చెప్పాల్సిందే. కానీ ఆయన పేరు పెట్టుకున్న ఆ గ్రీకు మాట కనిపించే ఒక వచనాన్ని పూర్తిగా చదవండి. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, 5వ అధ్యాయం, 14వ వచనం. అందులో ముగ్గురు మనుషులున్నారు. దారి తప్పి నడిచేవాడు, గుండె జారినవాడు, బలం లేనివాడు. బుద్ధి చెప్పమన్నది మొదటివాడికి మాత్రమే. రెండోవాడికి ధైర్యం చెప్పమంది. మూడోవాడికి ఆసరాగా నిలబడమంది. ముగ్గురి దగ్గరా ఓపిక పట్టమంది.

ఎదురుగా కూర్చున్న మనిషి ఈ ముగ్గురిలో ఎవరు? వాక్యం తెరిచే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. వినకుండా తేలదు. గుండె జారినవాడికి బుద్ధి చెబితే ఇంకా కుంగిపోతాడు. దారి తప్పినవాడికి ఓదార్పు చెబితే ఇంకా తప్పుతాడు.

వచనానికి ముందూ వెనకా

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి వెళ్లినవాళ్లకి వాగ్దాన కార్డులు తెలుసు. పళ్లెంలోంచి ఒక కార్డు తీసుకుంటాం. ఆ ఏడాదికి అదే మన వాగ్దానం. మా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి యిర్మీయా 29:11 వచ్చింది. మీ మీద నాకున్న ఆలోచనలు మేలు చేసేవే, కీడు చేసేవి కావు అనే భావం ఉన్న వచనం. ఎంసీఏ అయింది. అమెరికా వీసా ఆ ఏడాదే వస్తుందని నమ్మాడు. రెండుసార్లు కాదన్నారు. అప్పు మిగిలింది. మందిరానికి రావడం మానేశాడు. "దేవుడు అబద్ధమాడాడు సార్" అన్నాడు నాతో.

విశ్వాసం చాలలేదు నీకు అని నేను అనలేదు. "ఆ ఉత్తరం ఎవరికి రాశారో చూద్దామా?" అన్నాను. ఇద్దరం కలిసి అధ్యాయం మొదటి నుంచి చదివాం. అది బబులోనుకి బందీలుగా పోయినవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ ఇంటికొచ్చేస్తారని చెప్పాడు. జనానికి ఆ మాట నచ్చింది. యిర్మీయా మాత్రం 29వ అధ్యాయం 10వ వచనంలో 70 ఏళ్లన్నాడు. ఈలోగా అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, ఆ ఊరి మంచి కోరుకోండి అని కూడా అన్నాడు. ఆ తరువాత వస్తుంది కార్డు మీది 11వ వచనం.

కుర్రాడు చాలాసేపు పేజీ వంకే చూశాడు. "అంటే నేను హనన్యా మాట విన్నానన్నమాట" అన్నాడు నవ్వుతూ. ఆరు నెలల తరువాత మొదటిసారి నవ్వడమట. తరువాత మేం మాట్లాడుకున్నది వీసా గురించి కాదు. ఉన్న ఊళ్లో ఏ తోట వేసుకోవాలన్నదాని గురించి, అప్పుకి నెలకి ఎంత కట్టగలడన్నదాని గురించి.

వచనాన్ని దాని చోటు నుంచి ఊడబెరికితే జరిగే అన్యాయం అన్నిటికంటే ఎక్కువ ఆడవాళ్ల మీద పడుతుంది. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆవిడ సంఘ పెద్దల దగ్గరికి వెళితే ఎఫెసీ 5:22 చదివి పంపేసిన సందర్భాలు నేను చూశాను. భార్య లోబడి ఉండాలనే వచనమది. దానికి ముందు 21లో ఒకరికొకరు లోబడమని ఉంది. కొన్ని పాత గ్రీకు ప్రతుల్లో 22వ వచనంలో లోబడటమనే క్రియ విడిగా ఉండదు, 21 నుంచే అందుకోవాలి. తరువాత 25లో భర్త తన ప్రాణం పెట్టేంతగా ప్రేమించాలనీ, 28లో తన ఒంటిని చూసుకున్నట్టు చూసుకోవాలనీ ఉంది. పేతురు మొదటి పత్రిక 3:7 అయితే భార్యని గౌరవించనివాడి ప్రార్థనలకే అడ్డంకి అంటుంది. ఈ వచనాలు ఎవరి ముందు చదవాలి? దెబ్బలు తిన్నావిడ ముందు కాదు, కొట్టినవాడి ముందు. ఆవిడకి ముందు కావలసింది భద్రత. గృహహింస నుంచి రక్షణకి 2005లో వచ్చిన చట్టం ఉంది. 181 నెంబరు ఉంది. ఆ నెంబరు రాసివ్వడం కూడా పరిచర్యే.

వచనం తెలిసినంత మాత్రాన సరిపోదని మత్తయి సువార్త 4వ అధ్యాయమే చెబుతోంది. అక్కడ సాతాను కూడా 91వ కీర్తన చదువుతాడు మరి!

మాత్ర మింగితే విశ్వాసం తగ్గుతుందా?

"ప్రార్థన చేస్తున్నాం కదా, మందులు ఆపేశాం." ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. డిప్రెషన్‌కి, స్కిజోఫ్రెనియాకి వాడే మందులు డాక్టరుకి చెప్పకుండా ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది.

ఏలీయా ప్రవక్త కథ వినండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం సాధించి, రాణి బెదిరింపుతో అడవికి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూలబడి ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే పక్కన వేడి రొట్టె, కూజాలో నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి, నువ్వు నడవాల్సిన దూరం ఎక్కువ, తిను అన్నాడు దూత. బోధ కాదు, ముందు తిండీ నిద్రా. ఆ తరువాత కూడా దేవుడు మొదలుపెట్టింది ప్రశ్నతోనే. ఇక్కడేం చేస్తున్నావు ఏలీయా అని. ఆ ప్రశ్న రెండుసార్లు అడిగాడు.

హిజ్కియా రాజుకి 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని మాట వచ్చాక కూడా యెషయా అంజూరపు పళ్ల ముద్ద పుండు మీద వేయించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ప్రార్థనకీ వైద్యానికీ బైబిల్లో తగువు లేదు. మనవాళ్లు ఎందరో వెళ్లే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీనే చూడండి. 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచి, రోగితో పాటు ఇంట్లోవాళ్లనీ అక్కడే ఉంచుకుని చికిత్స చేసే పద్ధతి పెట్టారు.

ఎవరైనా చచ్చిపోవాలనుందని అంటే, వాక్యం వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఒంటరిగా వదలొద్దు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నెంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.

పరామర్శకి వెళ్లేవారికి

పాస్టర్లకీ, పాస్టరమ్మలకీ, ఇళ్లకెళ్లి ప్రార్థన చేసే అక్కయ్యలకీ నాలుగు మాటలు. కూర్చున్న మొదటి పావుగంట బైబిలు సంచిలోనే ఉండనివ్వండి. చదవాలనిపిస్తే, "ఒక మాట చదవనా?" అని అడగండి. వద్దంటే నొచ్చుకోకండి. చదివితే ఒక్కటే చదవండి, చుట్టూ ఉన్న వచనాలతో కలిపి చదవండి. చదివాక మీరు వివరించకండి, "మీకేమనిపించింది?" అని వాళ్లనే అడగండి. చివరిగా, విన్నది ప్రార్థన విన్నపంగా కూడా బయటికి పోనివ్వొద్దు. 'ఫలానా చెల్లి ఇంట్లో సమస్య ఉంది, ప్రార్థించండి' అని మైకులో చెప్పడం వల్ల కౌన్సెలింగ్ మానేసినవాళ్లు నాకు తెలుసు.

క్రైస్తవులు కానివారు కూడా ఈ పేజీ చదువుతారని తెలుసు. చావింట్లో గీతా శ్లోకం చెప్పేవారికైనా, కర్మ సిద్ధాంతం చెప్పేవారికైనా వర్తించే సంగతే ఇది. పుస్తకం గొప్పదే. ముందు మనిషిని చదవాలి.

చొక్కా అడిగిన ఆ తల్లి ఏడాది తరువాత మళ్లీ కనిపించింది. తోడికోడలి కాన్పుకి ఆసుపత్రికి వచ్చింది. నన్ను గుర్తుపట్టి వందనాలు చెప్పింది. వరండాలో అదే చోట కూర్చున్నాం. కాసేపయ్యాక తనే అంది.

"ఆ వేళ సగంలో ఆపించాను కదా అయ్యగారూ. ఇప్పుడు చదవండి."

చదివాను. కళ్లు మూసుకుని వింది.

"నాకిప్పటికీ అర్థం కాలేదు. మావోడు పోవడంలో మేలేంటో తెలియదు" అంది. కాసేపాగి, "కానీ ఇప్పుడు వినబుద్ధవుతోంది. ఇంకోసారి చదవండి" అంది.

ఇంకోసారి చదివాను. ఈసారి కూడా వివరణ చెప్పలేదు.